ప్రేమలత వాకిట్లో నెమలి

మరాఠీ గడ్డ మీది లాల్‌పేట్ బొగ్గు గని కాలరీ క్వార్టర్లలో మూడో లైను ఆడవాళ్ల సంగతులు తెలుసుకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు. తల వంచుకుని నడిస్తే చాలు, వాకిళ్లే చెప్పేస్తాయి.

ఆ లైనులో ఒక ఏర్పాటు ఉంది. ఎవరు మొదలుపెట్టారో చెప్పగలిగేవాళ్లు ఇప్పుడు లేరు. ఇల్లాలు బయట ఉన్న రోజుల్లో, అంటే నెలసరి రోజుల్లో, వాకిట్లో ముగ్గు వేయకూడదు. అలాగని వాకిలి బోసిగా ఉండకూడదు. ఉంటే నలుగురూ ఏమైందని అడుగుతారు. అందుకని ఎదురింటి ఆవిడ వచ్చి వేసిపోతుంది. నీకు నేను, నాకు నువ్వు. ఎవరూ అడగకూడదని పెట్టుకున్న ఈ ఏర్పాటు వల్ల, అడిగే పనే లేకుండా అందరికీ తెలిసిపోతోందన్న సంగతి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

ఎందుకంటే ఏ చేతి ముగ్గు ఆ చేతిదే. ప్రేమలతది తెల్లపిండితో వేసే చుక్కల ముగ్గు, మధ్యలో తామరపువ్వు. ఎదురింటి ప్రతిభా తాయి, అంటే ప్రతిభక్క, మరాఠీ ఆవిడ. ఆమెది రంగుల రంగోళి. అందులోనూ ఆమెకు వచ్చింది ఒక్కటే, నెమలి. పురివిప్పిన నెమలి, ప్రతిసారీ కుడివైపుకే చూస్తుంది. కాబట్టి ప్రేమలత వాకిట్లో నెమలి వాలిందంటే ప్రేమలత బయట ఉన్నట్టు. ప్రతిభా తాయి వాకిట్లో తామర పూసిందంటే ఆవిడ బయట ఉన్నట్టు.

ఈ భాష మగవాళ్లకూ వచ్చు. రానట్టు నటిస్తారంతే. ప్రేమలత భర్త సమ్మన్న భూగర్భ గనిలో పంపు నడుపుతాడు. షిఫ్టు దిగి వస్తూ వాకిట్లో నెమలిని చూశాడంటే చొక్కా అయినా విప్పకుండా నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి చాయ్ పెట్టేవాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో "ఒంట్లో ఎట్లున్నది?" అని అడిగింది లేదు. ఆమె చెప్పిందీ లేదు. నెమలే చెప్పేది, ఆయన వినేవాడు.

ఇక ప్రేమలత సంగతి. నలభై నాలుగేళ్లు. వాళ్ల నాన్న మంచిర్యాల దిక్కు నుంచి బొగ్గు పనికి వచ్చి బల్లార్షాలో స్థిరపడ్డాడు, ఆమె అక్కడే పుట్టింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం గని సైరన్ అంత. బతుకమ్మకు పాట ఎత్తాలంటే ప్రేమలతే. గణపతి మండపంలో ప్రసాదం వండాలంటే ప్రేమలతే. ఘుగ్గుస్‌లో పెళ్లయినా గడ్‌చాందూర్‌లో ఒడిబియ్యమైనా ముందు ఆమెకు ఫోను వచ్చేది. పిలిస్తే కాదనడం ఆమె ఒంట్లోనే లేదు. పైగా పిలవకపోతే అలిగేది.

మరి ఇన్ని పండుగలకు ఇన్ని పెళ్లిళ్లకు నెమలి అడ్డం రాదా? వస్తుంది. రాకుండా ప్రేమలత ఒక ఉపాయం పట్టింది. పండుగ దగ్గరికొస్తోందనగా బాలకిషన్ మెడికల్ షాపు ముందు నిలబడి గొంతు సవరించుకునేది. బాలకిషన్ మర్యాదస్తుడు. ఏం కావాలని అడగడు, డాక్టరు చీటీ ఉందా అనీ అడగడు. డేట్ ఆపే గోళీలు తీసి, ఏ దొంగ బంగారమో అన్నట్టు పాత పేపరులో నాలుగు చుట్లు చుట్టి చేతిలో పెట్టేవాడు. మొదట బతుకమ్మకే అనుకుంది. తర్వాత గణపతికి. తర్వాత మహాకాళి జాతరకు. ఆఖరికి ఆడపడుచు మరిది కొడుకు పుట్టువెంట్రుకలకు కూడా మింగింది. పక్కింటావిడ అడిగితే ఆమెకూ రెండు ఇచ్చేది. ధర్మాత్మురాలు మరి.

ఈ ఏడు వేసవిలో నెమలికి పిచ్చి పట్టింది. చైత్రంలో మహాకాళి జాతర అయిన వెంటనే వాలింది. అది మామూలే. మే నెలలో బల్లార్షాలో చుట్టాల పెళ్లి చేసి వచ్చిందో లేదో మళ్లీ వాలింది. ఆ రంగులింకా వాకిట్లో పూర్తిగా చెదిరిపోనే లేదు, ఇంకోటి వాలింది. తొలకరి వాననాడు మరోటి. సమ్మన్న చాయ్ పెట్టీ పెట్టీ బాగా పెట్టడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. ఆషాఢం గడిచింది, శ్రావణంలో సగం గడిచింది, ప్రేమలత వాకిట్లో తామరపువ్వు తప్ప మరో పిట్ట లేదు.

లైను ఊరుకుంటుందా? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పేరు పెట్టే దాకా వెళ్లింది వ్యవహారం. లైను మొదట్లో ఉండే నర్సక్క ఒక పొద్దున గిన్నెడు చింతకాయ తొక్కు పట్టుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి. లైనుకు పెద్ద దిక్కు, హైకోర్టు కూడా ఆమే.

"నాకెందుకక్కా ఇంత తొక్కు?" అంది ప్రేమలత.

"ఉండనియ్యి పిల్లా. ఇప్పుడు పుల్లగ తినబుద్దయితది," అంది నర్సక్క, కళ్లు ఆమె కడుపు మీద పెట్టి.

అదే రోజు గని దగ్గర ల్యాంప్ రూంలో, టోపీ లైటు తీసుకోవడానికి వరుసలో నిలబడ్డ సమ్మన్న భుజం మీద తోటి పనివాడు రాజన్న చెయ్యేశాడు. "ఏం సమ్మన్నా, ఈ వయసుల గూడ గింత హుషారేందే? నోరు తీపి చేసేదెప్పుడు?"

సమ్మన్నకు నిజంగానే అనుమానం వచ్చింది. తనకు చెప్పకుండా లోకానికి చెప్పిందేమోనని కొంచెం నొచ్చుకున్నాడు కూడా. సాయంత్రం దానిమ్మకాయల సంచితో ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే నసిగాడు.

"ప్రేమా, నాకొక్క మాట ముందుగాల చెప్తే ఏం పోతుండే?"

"ఏం మాట?"

"అదే... నెమలి వస్తలేదు గద."

"నెమలి కాదు, నీ తలకాయ!" అంటూ ప్రేమలత చేతిలోని గరిటె విసిరింది. అది గోడకు తగిలి దానిమ్మ సంచిలోనే పడింది. లోపల చదువుకుంటున్న కూతురు అక్షిత బయటికొచ్చింది. కాలేజీలో రెండో ఏడు చదువుతోంది, నోరు తెరిస్తే సగం మరాఠీ. "కాయ్ చాల్లయ్ తుమ్‌చం? ఏం నడుస్తున్నది మీది? కాలేజ్‌ల నన్నడుగుతున్నరు, తమ్ముడు గావాల్నా చెల్లె గావాల్నా అని!"

అప్పటికే తల్లీకూతుళ్లు ఆ సంగతి తేల్చుకున్నారు. తెలిసినవాళ్లెవరూ ఉండని గోల్‌బజార్ దాకా వెళ్లి అక్షిత టెస్టు కిట్టు తెచ్చింది. ఒక్క గీతే వచ్చింది. కడుపు కాదు. ప్రేమలత హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణమే ఇంకోటి తోచింది. కడుపు కాకపోతే మరి ఏమిటి? ఆ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు. వాకిలిని చూసి అన్నీ తెలుసుకునే లైనులో, నోరు తెరిచి అడిగే అలవాటు ఎవరికుంది?

పోలా పండుగనాడు, ఎద్దులను ముస్తాబు చేసి ఊరేగిస్తున్న వేళ, నెలసరి వచ్చింది. వచ్చి ఇక ఆగలేదు. ఆగుతుందనుకుంటే ఎక్కువైంది, తగ్గిందనుకుంటే గడ్డలు పడ్డాయి. ప్రతిభా తాయిని పిలవాలి. పిలిస్తే నెమలి వాలుతుంది. ఇన్నాళ్లకు వాలిన నెమలి వారం దాటినా ఎగిరిపోకపోతే, పాపం కడుపు పోయిందంటారు. పరామర్శకు వస్తారు. నర్సక్క ఏడుస్తుంది కూడా. ఆ ఏడుపు తలచుకునే ప్రేమలతకు భయం వేసింది.

అందుకని ఆమె ఎన్నడూ చేయని పని చేసింది. బయట ఉండి కూడా తెల్లవారకముందే లేచి తన ముగ్గు తానే వేసుకుంది. "లక్ష్మీతల్లీ, ఈ ఒక్కసారికి చూడనట్టు ఉండు," అని గొణుక్కుంటూ చుక్కలు పెట్టింది. ఆ ఒక్కసారి కాస్తా రోజూ అయింది. వంగితే కళ్లు తిరిగేవి. ఎదురింటి గుమ్మంలో నిలబడి ప్రతిభా తాయి ఆ ముగ్గును చూసేది. చూసి లోపలికి వెళ్లిపోయేది.

గణపతి వచ్చాడు. మండపంలో ప్రేమలత పులిహోర కలిపి, గంగాళం ఎత్తుకుని నాలుగు అడుగులు వేసి, విఘ్నేశ్వరుడి ఎదుటే కుప్పకూలింది. పడిపోతూ కూడా గంగాళాన్ని ఒరగనివ్వలేదని లైనులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్క మెతుకు కింద పడలేదట. మనిషి మాత్రం గోడ సున్నంలా పాలిపోయి ఉంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

నర్సక్క కోర్టు కూర్చుంది. తీర్పు ఒక్క నిమిషంలో వచ్చేసింది.

"సంచి తీసేయించుకో. పీడ పోతది. మన లైన్ల నలుగురం తీసేయించుకున్నం. నన్ను జూడు, గుండ్రాయి లెక్క లేనా?"

అంటూనే గుండ్రాయి నడుం మీద చెయ్యి వేసుకుని "అమ్మా" అని మూలిగింది. ముప్పై ఆరో ఏట ఆమెకు గర్భసంచి తీశారు. అప్పటి నుంచీ ఆ చెయ్యి ఆ నడుం మీదే ఉంది.

తెలిసిన నర్సింగ్ హోముకు నర్సక్కే వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. అక్కడ స్కానింగు తీశారు. డాక్టరు దాన్ని వెలుగుకు పెట్టి చూసి, ప్రేమలతను మాత్రం చూడకుండా, "నలభై దాటినయ్. పిల్లలు చాలు కదా? ఇక దానితో పనేంది? నిమజ్జనం అయినంక వచ్చి చేరండి," అన్నాడు. కంపెనీ ఉద్యోగి భార్య కాబట్టి మిగతా సంగతులు కంపెనీయే చూసుకుంటుందన్నారు. అంతా ఎంత సులువుగా జరిగిపోయిందంటే, ప్రేమలతకు అప్పుడే భయం పట్టుకుంది. ఒక ముక్కుపుడక మార్చుకోవడానికి ఆమె నెల రోజులు ఆలోచించింది. తీస్తే మళ్లీ పెట్టలేనిది ఇది, దీనికి ఎవరూ ఒక్క మాట ఆలోచించమనలేదు. మరోవైపు, పోతే పోనీ, గోళీల బాధ తప్పుతుందనీ అనిపించింది. రెండు మనసులతో ఇంటికొచ్చి మంచం ఎక్కింది.

అక్షిత ఊరుకోలేదు. "అమ్మా, ఫోన్ కొనాల్నంటేనే నువ్వు నాలుగు దుకాన్లు తిప్పుతవ్. గిది కడుపు కోసుడు! ఇంకొక డాక్టర్‌ని అడుగుదం. ఏక్ దా తరీ, ఒక్కసారన్న."

"డాక్టర్ చెప్పిండు గద బిడ్డా."

"నిన్నేమన్న అడిగిండా?"

ప్రేమలత ఆలోచించింది. పిల్లలెంతమందని అడిగాడు. కంపెనీ కార్డు ఉందా అని అడిగాడు. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున ముగ్గురు ఆడవాళ్లు ఆటోలో పెద్దాసుపత్రికి బయలుదేరారు. మూడో మనిషి ప్రతిభా తాయి. ఎవరూ పిలవలేదు. తలుపుకు తాళం వేస్తుంటే వచ్చి ఆటోలో కూర్చుంది, అంతే.

అక్కడి డాక్టరమ్మ మరాఠీలోనే మాట్లాడింది. ఆ మాటలను ఇక్కడ మన మాటల్లోనే చెప్పుకుందాం. "ఈసారి ఎప్పుడు మొదలైంది? దానికి ముందు ఎప్పుడొచ్చింది? ఆ ముందు?"

బతుకమ్మ పాటలు నూటికి పైగా నోటికి వచ్చిన ప్రేమలతకు, తన ఒంటి సంగతి ఒక్కటీ గుర్తుకు రాలేదు. అక్షిత నేల చూపులు చూసింది. అప్పుడు వెనక స్టూలు మీద నుంచి ఒక గొంతు లేచింది.

"మీ సాంగతే డాక్టర్. నేన్ చెప్త," అంది ప్రతిభా తాయి. ఇరవై ఏళ్లు తెలుగు వాకిలి ఎదురుగా ఉండి ఆమె రెండు భాషలనూ ఒకే గిన్నెలో కలిపేసుకుంది. "మహాకాళి యాత్ర అయిందా, దాని వెంట ఒకటి. ఆ రోజు నా దగ్గర నీలం అయిపోయింది, మెడకు ఆకుపచ్చ వేసిన. తర్వాత బల్లార్షా లగ్నం నుంచి వచ్చినంక ఒకటి. తోక రంగు ఇంక పోలేదు, దాని మీదనే ఇంకొకటి. మృగశిర వాన పడిన రోజు ఇంకొకటి వేసిన, గంటల కొట్టుకపోయింది, నాకు రడూ, ఏడుపు, వచ్చింది. ఇగ దాని తర్వాత లేదు. ఆషాఢ్ లేదు, శ్రావణ్ లేదు. నా రంగుల డబ్బాకు చీమలు పట్టినయ్."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "వేసింది ఏమిటి?"

"మోర్! నెమలి!" అంది ప్రతిభా తాయి, ఇంత చదువుకుని ఇది కూడా తెలియదా అన్నట్టు.

అక్షిత విడమరిచి చెప్పింది. డాక్టరమ్మ ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆపి ఆలోచించింది. "ప్రేమలతాబాయీ, ఒక్క సంగతి చెప్పండి. మీ నెమలికి అంత భక్తి ఏమిటి? జాతర అయ్యేదాకా ఆగుతుంది, పెళ్లి అయ్యేదాకా ఆగుతుంది."

ప్రేమలత చెంగు వేలికి చుట్టుకుంటూ బాలకిషన్ గోళీల సంగతి చెప్పేసింది. జాతరవీ, పెళ్లివీ, చివరికి ఆ పుట్టువెంట్రుకలవీ కూడా. పోలానాటి నుంచి దొంగతనంగా తన ముగ్గు తానే వేసుకుంటున్న సంగతీ చెప్పింది. ఆ మాట దగ్గర భయంగా ప్రతిభా తాయి వైపు చూసింది.

"నాకు ఎరుకే," అంది తాయి. "నీ తామర రేకులు వణుకుతుండె. నువ్వు చెప్తవని చూసిన."

అప్పుడు ఏడ్చింది ప్రేమలత. ఎవరో తనను చూస్తూ ఉన్నారని తెలిసి ఏడ్చింది.

డాక్టరమ్మ తిట్టలేదు. "మీ ఆయన షిఫ్టు మారినప్పుడల్లా నిద్ర తప్పుతుంది కదా? మీరు మీ ఒంటికి ఏడాదిలో ఇన్నిసార్లు షిఫ్టు మార్చారు," అంది. "ఎప్పుడో అవసరానికి డాక్టరును అడిగి వాడితే పరవాలేదు. ఇట్లా పండుగ పండుగకూ మింగితే, ఏది మీ నెలసరో ఏది గోళీ ఆపినందుకు వచ్చిందో మీకూ తెలియదు, మాకూ తెలియదు. అది ఒక సంగతి. రెండోది వయసు. నలభై దాటాక నెలసరి శాశ్వతంగా ఆగడానికి ముందు కొన్నేళ్లు ఇట్లాగే తిక్కతిక్కగా వస్తుంది. మీ కాలనీలో కుళాయి బంద్ అయ్యే ముందు ఎట్లా వస్తుంది? ఒకసారి దబదబ, ఒకసారి గాలి. అంతే. కానీ వయసేలే అని వదిలేయకూడదు. ఇంత ఎక్కువ పోతుంటే కారణం వెతకాలి."

వెతికారు. రక్తం చూశారు, థైరాయిడ్ చూశారు, మళ్లీ స్కానింగు తీశారు. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఈ వయసులో ఇంత రక్తం పోతే, చెడ్డ జబ్బేదీ లేదని తేల్చుకోవడానికి అది తప్పదన్నారు. ఫలితం రావడానికి కొన్నాళ్లు పట్టింది. ఈలోగా రక్తం ఆగడానికి మందు ఇచ్చారు. గణపతి నిమజ్జనమైంది. నర్సింగ్ హోములో చేరాల్సిన రోజూ వచ్చి వెళ్లిపోయింది. నర్సక్క రెండుసార్లు వాకిట్లోకి వచ్చి, "ఇంక పోలేదా? పిచ్చిదానివానే?" అని కేకలేసి వెళ్లింది. ఆ రోజుల్లో ప్రేమలత పైకి వంట చేస్తూ, నవ్వుతూ తిరిగింది కానీ అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసింది. సమ్మన్న మారు మాట్లాడకుండా తిన్నాడు.

ముక్కలో చెడు ఏమీ లేదు. థైరాయిడ్ మందగించింది, రక్తం బాగా తక్కువైంది. ఈ రెంటికీ గోళీలున్నాయి. నెలసరిని దారిలో పెట్టడానికి ఇంకో గోళీ ఇచ్చారు. ఇది కూడా ఆపే గోళీ లాంటిదే, కానీ డాక్టరు చెప్పినన్ని రోజులే వేసుకోవాలి. అయిపోయిన కొన్ని రోజులకు నెలసరి వస్తుంది, రావాలి. "ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లూ ఉంటారు, కాదనను. అది ఆఖరి మెట్టు. మీరు మొదటి మెట్టు కూడా ఎక్కలేదు," అంది డాక్టరమ్మ. ఎప్పుడు మొదలైందో, ఎన్నాళ్లుందో, గడ్డలు పడ్డాయో గుర్తుపెట్టుకోమంది. ప్యాడు గంటకొకటి తడిసినా, కళ్లు తిరిగినా ఆగకుండా రమ్మంది. రక్తం పట్టే గోళీ వేసుకున్నాక వెంటనే చాయ్ తాగొద్దంది. ఆ చివరి మాటతో సమ్మన్నకు ఉద్యోగం పోయింది. అలవాటుగా చాయ్ గ్లాసు తెచ్చి ఇవ్వబోయి, కూతురి చేత తిట్లు తిని తానే తాగేశాడు. తాగాక, ఇరవై రెండేళ్లలో మొదటిసారి, గోడ వైపు చూస్తూ అడిగాడు. "ఒంట్లో ఎట్లున్నది?"

"గోడకు బాగనే ఉన్నది. నాకు గూడ జర బాగుంది," అంది ప్రేమలత.

మూడోసారి కేకలేయడానికి వచ్చిన నర్సక్క, సంగతంతా విని గుమ్మంలోనే చతికిలబడింది. చెయ్యి నడుం మీదే ఉంది. "అయితే ఆ డాక్టరమ్మ ఏమడిగింది నిన్ను?"

"ఎప్పుడెప్పుడొచ్చిందని అడిగింది. ఎంత పోతున్నది, ఏం గోళీలు మింగినవని. చానా అడిగింది అక్కా."

నర్సక్క వాకిట్లో తామర రేకులను కాలి వేలితో తాకీ తాకనట్టు దిద్దింది. "నన్నొక్క మాట అడగలె పిల్లా," అంది మెల్లగా. "తీసేసినంక చెప్పిండ్రు, తీసేసినమని."

ప్రేమలత ఆమె పక్కన కూర్చుంది. నడుం రాసింది. నర్సక్క వద్దనలేదు.

బతుకమ్మ పండుగ వచ్చింది. ఇక్కడ ఒక చిక్కొచ్చి పడింది. డాక్టరమ్మ ఇచ్చిన గోళీలు పండుగ మొదట్లోనే అయిపోయాయి. అవి అయిపోయాక నెలసరి రావాలి. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే అది సరిగ్గా పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ మీద పడుతోంది. ఏడాదికి ఒక్కటే సద్దుల బతుకమ్మ. లైనంతా చుట్టూ నిలబడి ప్రేమలత గొంతు కోసం చూసే రోజు. ఇంకో నాలుగు గోళీలు మింగితే చాలు, పండుగ దాటిపోతుంది.

మనిషి మనిషే. కాళ్లు బాలకిషన్ షాపు దాకా తీసుకెళ్లాయి. గొంతు సవరించుకుంది. బాలకిషన్ మర్యాదగా ఏమీ అడగకుండా గోళీల కోసం ఒక చెయ్యి, పాత పేపరు కోసం ఒక చెయ్యి చాచాడు.

ఆ పేపరును చూసిందామె. ఇన్నేళ్లు తన ఒళ్లంతా ఆ పేపరులోనే చుట్టిపెట్టినట్టు అనిపించి ఒళ్లు మండింది.

"అవి గాదు బాలకిషన్. ప్యాడ్లియ్యి. పెద్దవి," అంది, బతుకమ్మ పాట ఎత్తే గొంతుతోనే. పక్కన దగ్గు మందు కొంటున్న బాపురావు దగ్గడం మరిచిపోయాడు. "కాగితం చుట్టకు. గట్లనే ఇయ్యి."

సద్దులనాడు పొద్దున ప్రతిభా తాయి రంగుల డబ్బా కోసం ఇల్లంతా వెతికి, దొరక్క బయటికొచ్చి చూసేసరికి, డబ్బా ఎదురింటి వాకిట్లో ఉంది. ముందు రోజు అక్షిత చేత తెప్పించుకుందట. ప్రేమలత పీట మీద కూర్చుని, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, తన వాకిట్లో తానే ఏదో వేస్తోంది. పొట్టి మెడ, లావు ఒళ్లు, తోక ఉండాల్సిన చోట చీపురు.

"అగ బాయీ! ఇది మోర్ కాదు, కోంబ్డీ! కోడి!" తాయి గుండె పట్టుకుంది. "నన్ను పిలిస్తే వేయనా?"

"ఇన్నేండ్లు నా సంగతి నువ్వు చెప్పినవ్ తాయీ. ఈసారి నేనే చెప్పుకుంట," అంది ప్రేమలత. "కోడే వచ్చింది, ఏం జెయ్యను?"

తాయి అలిగింది, కానీ వంగి కోడి కంటికి చుక్క పెట్టకుండా ఉండలేకపోయింది.

సాయంత్రానికి లైను చివర నల్లా దగ్గర బతుకమ్మలు చేరాయి. తంగేడు, గునుగు, బంతి, ఒకదాన్ని మించి ఒకటి. కోడి సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ప్రేమలతను పిలవలేదు. ఆమె గడప మీద కూర్చుని అక్కడి నుంచే చూస్తోంది. పాట నర్సక్క ఎత్తింది. ఆమె గొంతు మొదటి మెట్టు ఎక్కింది, రెండో మెట్టు మీద జారింది. పక్కవాళ్లు అందుకోబోయి తలా ఒక దారి పట్టారు. చప్పట్లు ఒకదానితో ఒకటి కలవలేదు. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ చెడింది. గడప మీద ప్రేమలత పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం బయటికి రానివ్వడం లేదు. ఆ గోళీలు మింగి ఉండాల్సిందేమో అని ఒక్క క్షణం ఏడుపొచ్చింది.

నర్సక్క పాట ఆపేసింది. నడుం మీద చెయ్యి వేసుకుని లైను పొడవునా నడిచి వచ్చి, కోడి ముందు నిలబడింది. దాన్ని కాసేపు చూసింది. ప్రేమలతను చూసింది. లైనంతా తీర్పు కోసం చూసింది, హైకోర్టు కదా.

"పువ్వులు ముట్టకంటె సరే, మనకు పద్ధతున్నది," అంది నర్సక్క. "పాటను ఎవలు ముడ్తరే? దానికేం అంటు? ఎత్తు."

"ఇక్కడికెల్లి అందరికి ఇనబడదక్కా," అంది ప్రేమలత.

నర్సక్క వెనక్కి తిరిగి కేకేసింది. "ఏ, అన్ని బతుకమ్మలు ఇటు పట్కరాండ్రి!"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ప్రతిభా తాయి కదిలింది, తనది కాని పండుగే అయినా ఒక బతుకమ్మను ఎత్తుకుని నడిచింది. తర్వాత అక్షిత. తర్వాత ఒక్కొక్కరే. పూలన్నీ లైను చివరి నుంచి కదిలి వచ్చి ప్రేమలత వాకిట్లో దిగాయి. చుట్టూ ఆడవాళ్లు నిలబడ్డారు. షిఫ్టు నుంచి వస్తున్న సమ్మన్న ఆ గుంపులో దారి దొరక్క గోడ వారగా ఆగిపోయాడు.

ప్రేమలత గడప మీద లేచి నిలబడి పాట ఎత్తింది. మొదటి చరణానికే చప్పట్లన్నీ ఒక్కటయ్యాయి. వలయం కదిలింది. అడుగులు వేస్తూ నర్సక్క ఒక్కసారి వంగి, పాటను మించిన గొంతుతో అరిచింది.

"పొల్లలూ, కోడిని తొక్కకుండ్రి!"